ఆ మాత్ర నిద్ర ఆపుతుంది, తెలివి పెంచదు

గ్రూప్-1కి చదువుతున్న మీ తమ్ముడికి పగలంతా మత్తుగా ఉంటుందని, స్నేహితుడిచ్చిన మోడాఫినిల్ మాత్రలు వేసుకుంటున్నాడని, నిజంగా తెలివి పెరిగేటట్లయితే అడ్డు చెప్పడం ఎందుకని అడిగారు. అడ్డు చెప్పండి.

అది నార్కోలెప్సీ అనే అతినిద్ర జబ్బుకు అమెరికాలో 1998లో అనుమతి పొందిన మందు. నిద్ర ఆపుతుంది, కాదనను. మేలుకుని ఉండటాన్నే తెలివి అనుకోవడంతో వస్తుంది చిక్కంతా.

2023లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 40 మంది ఆరోగ్యవంతులకు మోడాఫినిల్‌తో పాటు మరో రెండు మందులు విడివిడిగా ఇచ్చి ఒక లెక్క చేయించారు. బరువు మించకుండా సంచిలో అత్యంత విలువైన వస్తువులు సర్దాలి. మందు పడ్డాక వాళ్లు ఎక్కువ శ్రమపడ్డారు, వస్తువులను తీసి పెట్టడమూ ఎక్కువే. ఆ శ్రమలో నాణ్యత మాత్రం తగ్గింది. పైగా మందు లేనప్పుడు బాగా చేసినవారే మందుతో వెనకబడే ధోరణి కనిపించింది. పన్నెండు గంటలు కదలకుండా చదివానని మురిసిపోతున్నాడు కదా, ఒక పాత ప్రశ్నపత్రం ఇచ్చి రాయించండి, తేలిపోతుంది.

పొద్దున వేసుకున్న మాత్రలో దాదాపు సగం రాత్రికీ ఒంట్లోనే ఉంటుంది. చదివింది జ్ఞాపకంలో కుదురుకోవడానికి నిద్ర కావాలి, అతను పోగొట్టుకుంటున్నది దాన్నే!

ఈ మాత్ర వేసుకున్నాక ఒంటి మీద దద్దుర్లు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పగలంతా మత్తుగా ఉంటుందన్నారు కాబట్టి థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా చేయించండి.