పోప్ రాజీనామాను ఎవరు ఆమోదిస్తారు?

సందేహం: 2013లో పోప్ బెనెడిక్ట్ 'రాజీనామా సమర్పించారు' అని చదివాను. ఎవరికి సమర్పించినట్టు? అది రాజీనామానా, పదవీ విరమణా? పోప్‌ను 'తొలగించారు' అనే అవకాశం ఉందా?

సమాధానం: 'రాజీనామా చేశారు' అనండి, తప్పులేదు. తప్పంతా 'సమర్పించారు' దగ్గరే. మంత్రి అయితే ముఖ్యమంత్రికి ఇస్తాడు, ఉద్యోగి పై అధికారికి ఇచ్చి ఆమోదించేదాకా టెన్షన్ పడతాడు, ఆ అలవాటు కొద్దీ రాజీనామా అనగానే సమర్పించడం, ఆమోదించడం మన కలానికి వాటంతటవే వచ్చేస్తాయి. పోప్‌కు పై అధికారి లేరు. 1983 నాటి కతోలిక శ్రీసభ (అంటే కతోలిక చర్చి) చట్టం 332వ నిబంధనలో ఈ మాట స్పష్టంగా ఉంది: పోప్ తన ఇష్టంతో పదవి వదులుకోవాలి, ఆ సంగతి సరిగా వెల్లడి చేయాలి, ఎవరూ ఆమోదించనక్కర్లేదు. బెనెడిక్ట్ చేసిందీ అదే. ఫిబ్రవరి 11న కార్డినల్స్ (పోప్ తర్వాతి స్థాయి మతపెద్దలు) ఎదుట తన నిర్ణయాన్ని లాటిన్‌లో చదివి, 28వ తేదీ రాత్రి 8 గంటల నుంచి పీఠం ఖాళీ అన్నారు. వాళ్లు విన్నారు, అంతే. కాబట్టి 'రాజీనామా ప్రకటించారు' అని రాయాలి. బిషప్ సంగతి వేరు, 75 ఏళ్లు నిండగానే ఆయన పోప్‌కే రాజీనామా ఇవ్వాలి, అక్కడ 'సమర్పించారు' అని నిక్షేపంగా రాయొచ్చు.

'పదవీ విరమణ' మాత్రం వద్దు. మనకది వయసు నిండితే వచ్చేది, పోప్‌కు వయోపరిమితి లేదు. 'పదవీ త్యాగం' నాకు నచ్చిన మాటే, ముఖ్యంగా ఐదో సెలెస్టీన్ విషయంలో. కొండల్లో తపస్సు చేసుకుంటున్న ఆ ముసలి సన్యాసిని 1294లో పోప్‌గా ఎన్నుకుంటే, పోప్ దిగిపోవచ్చని ముందు తానే శాసనం చేసి, ఐదు నెలలకే దిగిపోయారు. పాపం, తిరిగి కొండకు పోనివ్వలేదు, తర్వాతి పోప్ ఆయన్ని చనిపోయేదాకా నిర్బంధంలోనే ఉంచారు.

ఇక 'తొలగించారు'. తొలగడానికి తానొక్కరే చాలు, తొలగించడానికి ఇంకొకరు కావాలి. ప్రథమ పీఠానికి, అంటే పోప్‌కు, తీర్పు చెప్పేవారు ఎవరూ లేరని 1404వ నిబంధన అంటోంది, అంటే ఆ క్రియకు చట్టంలో కర్తే దొరకడు. మరి 1415లో, ముగ్గురు తామే పోప్ అంటున్న రోజుల్లో, కాన్‌స్టన్స్ నగరంలో జరిగిన మతపెద్దల మహాసభ వాళ్లలో ఒకరైన ఇరవైమూడో జాన్‌ను తొలగించింది కదా అంటారేమో. నిజమే, చరిత్ర రాసేటప్పుడు అక్కడ 'తొలగించారు' అనే రాయాలి. అయితే శ్రీసభ ఆయన్ని పోప్‌ల లెక్కలో చేర్చదు, అందుకే 1958లో ఎన్నికైన పోప్ మళ్లీ ఇరవైమూడో జాన్ అనే పేరే పెట్టుకున్నారు.