475 డాలర్ల చాకు యాపిల్ కోస్తుందా?

(పనిముట్ల మీద పాఠకుల ప్రశ్నలకు, హైదరాబాద్ బాలానగర్‌లో 31 ఏళ్లు టూల్‌రూమ్ (అచ్చులూ పనిముట్లూ తయారుచేసే విభాగం) ఫిట్టర్‌గా చేసి రిటైరైన మేస్త్రిగారి జవాబులు)

ప్రశ్న: నేను టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వచ్చే నెలలో నలభై నిండుతాయి. నాకు నేనే ఏదైనా కొనుక్కుందామనుకుంటే, చిన్న సైజు సెబెంజా మడత చాకు మీద మనసు పడింది. నేను చూసిన చోట ధర 475 డాలర్లు. ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఒపినెల్ అనే ఇరవై డాలర్ల ఫ్రెంచ్ మడత చాకు. చాకుతో నాకుండే పనల్లా పార్సిళ్లు విప్పడం, ఆఫీసులో యాపిల్ కోసుకోవడం, ఏడాదికోసారి పిల్లలతో క్యాంపింగ్. మా ఆవిడ "దానికీ దీనికీ తేడా ఏంటో ఒక్కటి చెప్పి కొనుక్కో" అంది. నాకు చెప్పడం చేతకాలేదు. మీరు చెప్పగలరా?
ఒక పాఠకుడు, ప్లేనో

జవాబు: ముందు మీ ఆవిడకు నా నమస్కారం చెప్పండి. నా సర్వీసులో మమ్మల్ని ఎవరైనా ఇంత సూటిగా అడిగి ఉంటే మా స్టోర్‌లో సగం సామాను చేరేదే కాదు.

మూడేళ్ల కిందట మా అబ్బాయి దగ్గరికి ఆస్టిన్ వెళ్లాను. ఒక ఆదివారం వాడి స్నేహితుడు భోజనానికి వచ్చి, ఏదో కవరు చింపడానికి జేబులోంచి మీరు చెప్పిన చాకే తీశాడు. పాత 21 మోడల్, చిన్న సైజు. ఎంతకు కొన్నాడో చెప్పగానే చేతిలోకి తీసుకోవడానికి జంకాను. ఆ కుర్రాడే "విప్పి చూడండి అంకుల్" అంటూ అలెన్ కీ చేతికిచ్చాడు. ఇక నేను ఆగుతానా! డైనింగ్ టేబుల్ మీద టిష్యూ పేపర్ పరిచి విప్పేశాను. స్క్రూ ఎక్కడ కిందపడి దొర్లిపోతుందోనని మా కోడలికి ఒకటే టెన్షన్.

మామూలు మడత చాకులో అలుగు తిరిగే ఇరుసు స్క్రూ బిగిస్తే అలుగు పట్టేస్తుంది, వదులు చేస్తే లొడలొడలాడుతుంది. ఆ రెంటికీ మధ్య సరైన చోటు ఎక్కడో పావు తిప్పులో ఉంటుంది. వాడుతున్నకొద్దీ అదీ జరిగిపోతుంది. ఆ చాకులో ఇరుసు చుట్టూ చిన్న బుష్, అంటే పొట్టి గొట్టంలాంటి ముక్క, ఉంది. స్క్రూని చివరిదాకా బిగించేయవచ్చు, బిగింపంతా బుష్ మోస్తుంది. అలుగు మందం, దానికి అటూ ఇటూ ఉండే ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్ల మందం కలిపితే ఎంతో, బుష్ పొడవు దానికంటే వెంట్రుకలో వంతు ఎక్కువ. ఇంకాస్త పొడవైతే అలుగు ఊగుతుంది, పొట్టిదైతే కదలదు. నేను మళ్లీ బిగించి, బలం కొద్దీ టైట్ చేసి తెరిచాను. తలుపుకి కొత్తగా నూనె వేసినట్టు మెత్తగా, ఎక్కడా పట్టకుండా తిరిగింది. ఒక్క ముక్కకు ఆ కొలత రాబట్టమంటే మా టూల్‌రూమ్‌లో నేనూ రాబడతాను. అమ్మే ప్రతి చాకుకూ రాబట్టాలంటే గ్రైండింగ్‌కూ కొలతలకూ ఎంత ఖర్చవుతుందో ఆ పని చేసినవాళ్లకు తెలుసు. మీ డబ్బులో పెద్ద వాటా పోయేది అక్కడికే.

ఇంకో వాటా పిడికి పోతుంది. అది టైటానియం. మా పేటలో టైటానియం జాబ్ వచ్చిందంటే కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. హైదరాబాద్‌లోని లోహాల కంపెనీ మిధానిలో తయారైన కడ్డీలతో మేమూ కొన్ని జాబ్‌లు చేశాం. ఉక్కులాగా అది వేడిని తనలోకి లాక్కోదు. వేడంతా టూల్ మొన దగ్గరే నిలిచిపోయి, ఇన్సర్టులు (టూల్‌కు బిగించే కోత ముక్కలు) ఒకదాని వెనక ఒకటి అరిగిపోతాయి. స్పీడు పెంచితే ఖర్చు, తగ్గిస్తే టైము. పైగా ఈ చాకులో ఆ పిడిపలకకే గాడి కోసి, ఒక పట్టీని స్ప్రింగులాగా లోపలికి వంచుతారు. అలుగు తెరవగానే ఆ పట్టీ వచ్చి అలుగు వెనక అడ్డం నిలబడుతుంది. ఫ్రేమ్ లాక్ అంటే అదే. ఇప్పుడు వందల కంపెనీలు చేస్తున్నాయి గానీ, తెచ్చింది ఈ చాకు చేసిన క్రిస్ రీవ్. దక్షిణాఫ్రికా నుంచి అమెరికాకు వచ్చి ఐడహోలోని బోయిసీలో స్థిరపడిన మనిషి. సెబెంజా అంటే జులూ భాషలో పని. పేరు మాత్రం నాకు తెగ నచ్చింది. టైటానియం ఉక్కుతో రాసుకుంటే అంటుకుపోయే గుణం ఉంది కాబట్టి, ఇప్పటి 31 మోడల్‌లో ఆ రెండూ తగిలే చోట సిరామిక్ బాల్ పెట్టారు. సిరామిక్ అంత సులువుగా అరగదు, అంటుకోదు. బుర్ర పెట్టి చేసిన పని.

ఇక మీరు అడిగిన యాపిల్ సంగతి. అదే రోజు అక్కడే కోసి చూశాం. మా అబ్బాయి వంటింట్లో మీ దగ్గరున్నలాంటి ఒపినెల్ నెంబర్ 8 ఉంది. మందాలు కొలిచే వెర్నియర్ లేకుండా నేను ఊరు దాటను, మా ఆవిడ దాన్ని నా జపమాల అంటుంది. దాంతో కొలిచాను. సెబెంజా అలుగు వెన్ను మందం 3 మిల్లీమీటర్లు. ఒపినెల్‌ది ఒకటిన్నర దాటి ఓ పిసరు. సెబెంజా అంచు దగ్గర పలచగానే ఉంటుంది, చర్మం తెగినట్టు లోపలికి దిగింది. సగం దూరం వెళ్లాక ఆ వెన్ను మందం మేకులాగా పనిచేసి కాయని ఫట్టుమని చీల్చింది. ఒపినెల్ మాత్రం మామిడికాయ ముక్కలు తరిగినట్టు కాగితాల్లాంటి చెక్కలు తీసింది. చాకు ఎలా కోస్తుందనేది అలుగు ఎంత పలచన, పదును ఎంత అనే రెంటి మీదే ఉంటుంది. ధరకు అందులో పాత్ర లేదు. మందం ఎందుకు పెట్టారంటే బలానికి. కర్రలు చెక్కేటప్పుడు, మొరటుగా వాడేటప్పుడు ఆ మందమే కాపాడుతుంది. మీ యాపిల్‌కు ఆ బలం అక్కర్లేదు.

ఉక్కులో తేడా ఉంది, కాదనను. ఇప్పుడు వచ్చే సెబెంజాల్లో మాగ్నాకట్ అనే పౌడర్ స్టీల్ (లోహపు పొడిని అదిమి చేసే ఉక్కు) వాడుతున్నారు. లారిన్ థామస్ అనే మెటలర్జిస్టు రూపొందించింది, 2021లో బజారులోకి వచ్చింది. తుప్పు దాదాపు పట్టదు, పదును చాలాకాలం నిలుస్తుంది. అట్టపెట్టెలు చాకుల్ని తినేస్తాయి. పార్సిళ్లు కోసేవాళ్లకు ఆ ఉక్కు నిజంగా పనికొస్తుంది. కాకపోతే పదును పోయాక దాన్ని తిరిగి తెచ్చుకోవడం మాత్రం ఒపినెల్‌కు చేసినంత సులువు కాదు. ఆ ఉక్కులో వెనేడియం కార్బైడ్లు అనే గట్టి రేణువులు ఉంటాయి, మామూలు సానరాయి కంటే అవే గట్టి. డైమండ్ ప్లేటు కొనాలి, వాడటం నేర్చుకోవాలి. సాన పట్టడం రానివాడి చేతిలో ఎంత ఖరీదైన చాకైనా ఏడాది తిరిగేసరికి మొద్దు చాకే.

ఇరవై డాలర్ల చాకు నుంచి 70 డాలర్ల చాకుకు వెళ్తే మీకు చేతిలో తేడా తెలుస్తుంది. ఒంటిచేత్తో తెరుచుకుంటుంది, లాక్ గట్టిగా ఉంటుంది. అక్కడి నుంచి 150 దాకా వెళ్తే ఉక్కు బాగుపడుతుంది. ఆ తర్వాత పెట్టే ప్రతి డాలరూ కొలతలకూ ఫినిషింగ్‌కూ పెట్టేదే. కోత ఏమీ పెరగదు. ఆ కొలతలు చూసి మురిసిపోయే గుణం మీకుంటే 475 దండగ అని నేను అనను. నాకుంది ఆ గుణం. ఆస్టిన్‌లో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. అయినా నేను కొనలేదు. నా జేబులో చాకు చేసే పనల్లా కొబ్బరికాయ పీచు తీయడం, తాళ్లు కోయడం. దానికి పవర్ హ్యాక్సా బ్లేడు అరగదీసి నేనే చేసుకున్న చాకు చాలు.

మీ ఆవిడకు ఇలా చెప్పండి: తేడా ఇరుసులో ఉంది, యాపిల్‌లో లేదు. అది విన్నాక కూడా ఆవిడ సరేనంటే కొనుక్కోండి. కొన్నా సరే, ఆఫీసు డ్రాయర్‌లోంచి ఒపినెల్ తీసేయకండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 900 రూపాయలకు మడత చాకు కొన్నాను. అలుగు మీద డీ2 అని ఉంది. అది నిజమో కాదో ఎలా తెలుస్తుంది? లాక్ మీద కూడా నాకు నమ్మకం కుదరడం లేదు.
మిర్యాలగూడ నుంచి

జవాబు: డీ2 అంటే ఏదో వింత లోహం అనుకోకండి. మన టూల్‌రూమ్‌లలో హెచ్‌సీహెచ్‌సీఆర్ అని పిలిచే డై స్టీలే అది. పంచ్‌లూ డైలూ చేసేది. కార్బన్ ఒకటిన్నర శాతం, క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది. అలుగు మీద అక్షరాలు ఎవరైనా చెక్కుకోవచ్చు. నిజంగా డీ2యే అయినా హీట్ ట్రీట్‌మెంట్ (కాల్చి చల్లార్చి ఉక్కును గట్టిపరచడం) సరిగా లేకపోతే దాని వల్ల లాభం లేదు. ఆ పని చూసేందుకు ఇంట్లో ఒక దారి ఉంది. కొత్త ఆకురాయి తీసుకుని అలుగు వెన్ను మీద, పిడికి దగ్గరగా మెల్లగా ఒకసారి లాగండి. సరిగా గట్టిపడిన ఉక్కు మీద ఆకురాయి గాజు మీద జారినట్టు జారుతుంది. కరకరమని కొరికి పొడి రాలిందంటే ఉక్కు మెత్తనన్నమాట. వెన్ను మీద ఆ గీత పడుతుంది, దానికి ఒప్పుకుంటేనే చేయండి.

లాక్ సంగతి ముందు చూసుకోవాల్సింది. చాకు తెరిచి, మూసుకుంటే అలుగు వచ్చే దారిలో ఒక్క వేలూ లేకుండా పిడిని పట్టుకోండి. అలుగు వెన్నుతో చెక్క బల్ల మీద మెల్లగా రెండు మూడు సార్లు తట్టండి. మూసుకుపోయిందా, దాన్ని ఉత్తరాలు చింపడానికి కూడా వాడకండి. నేను కూడా ఒకసారి చవకగా వస్తోందని అలాంటిదే కొని, బొటనవేలికి మూడు కుట్లు వేయించుకున్నాను. చాకు కంటే కుట్లకే ఎక్కువైంది. లాక్ నిలిచిందనుకోండి, నిమ్మకాయ కోసిన వెంటనే మాత్రం తుడవండి. డీ2లో క్రోమియం చాలానే ఉన్నా అందులో ఎక్కువ భాగం కార్బైడ్లలో చిక్కుకుపోతుంది. అందుకని స్టెయిన్‌లెస్ స్టీలులా తుప్పును ఆపలేదు.

ప్రశ్న: మా బాబాయి ఫ్రాన్స్ నుంచి చెక్క పిడి మడత చాకు తెచ్చిచ్చారు. మామిడిపండ్లు కోశాక అలుగు నల్లబడింది. ఈ వానలకు అసలు తెరుచుకోవడమే మానేసింది. పాడైపోయినట్టేనా?
అమలాపురం నుంచి

జవాబు: ఏమీ కాలేదు. నల్లబడిందంటే అది కార్బన్ స్టీలు. మీ అమ్మమ్మగారి కత్తిపీట కూడా అదే రంగులో ఉండి ఉంటుంది. పండులోని పులుపు తగిలి ఏర్పడిన పొర అది, ఎర్ర తుప్పును కొంత ఆపుతుంది కూడా. తోమి తెల్లగా చేయాలని చూడకండి. కడిగి తుడిచి, ఒక చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు.

తెరుచుకోకపోవడం చెక్క వల్ల. కోనసీమ వానల్లో మీ ఇంటి తలుపులు పట్టేసినట్టే పిడి కూడా ఉబ్బి అలుగును పట్టుకుంది. ముందు మెడ దగ్గరి రింగ్‌ను తిప్పి, దాని చీలిక అలుగు గాడికి ఎదురుగా వచ్చేలా చూడండి. తర్వాత పిడి చివర మడమను బల్ల అంచుకు టక్కున కొట్టండి. అలుగు మొన కాస్త బయటికి వస్తుంది, దాన్ని పట్టుకుని లాగండి. ఇలాంటి చాకులు పుట్టిన సవోయ్ కొండ ప్రాంతం పేరు మీద ఫ్రాన్స్‌లో దీన్ని 'సవోయ్ వాళ్ల దెబ్బ' అంటారు. రింగ్ లాక్ 1955లో వచ్చింది గానీ, ఈ దెబ్బకు మాత్రం ఇంకా ప్రత్యామ్నాయం రాలేదు. వానలు తగ్గాక చాకు దానంతటదే వదులవుతుంది.