బతుకమ్మ ఫొటోల వీడియో రోజూ చేత్తోనే చెయ్యాల్నా?

ప్రశ్న: అన్నా నమస్తే, మాది హన్మకొండ. బతుకమ్మ తొమ్మిది రోజులు మా కాలనీ ఆడోళ్లందరు వాట్సాప్ గ్రూప్‌ల ఫొటోలు పెడ్తరు. నేను రోజు రాత్రి కూసొని అవన్నీ వరుసగ పెట్టి వీడియో చేసి తెల్లారి కమ్యూనిటీ హాల్ టీవీల పెడ్త, రెండు గంటలు పడ్తంది. మా అబ్బాయి ఉబుంటుల (విండోస్ అసొంటిదే, కంప్యూటర్ నడిపేది) ఎఫ్ఎఫ్ఎంపెగ్ అని కమాండ్ కొట్టి వీడియోలు చేసే సాఫ్ట్‌వేర్ చూపిచ్చిండు, కొట్టి చూస్తే 240 ఫొటోలు పది సెకన్లల్ల బుర్రున పోయినయి, నిలువు ఫొటోలల్ల మనుషులు అడ్డం సాగిన్రు, టీవీల అయితే ఆడనే లేదు. ఏం చెయ్యాలె?

జవాబు: అక్కా, మీరు కొట్టింది తప్పేం కాదు, మూడు చిన్న ముక్కలు తక్కువ పడ్డయి అంతే.

ఫొటోకు ఎంతసేపు అని చెప్పకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ సెకనుకు 25 ఫొటోలు చూపిస్తది, అందుకే 240 అట్ల పోయినయి. ఫ్రేమ్‌రేట్ 1/4 అని పెడితే ఒక్కోటి నాలుగు సెకన్లు ఉంటది, మొత్తం 16 నిమిషాలు వస్తది. కానీ ఇది ఫొటోల పేరు ఇచ్చే హైఫన్ ఐ కంటే ముందే రాయాలె, ఇక్కడనే చానామంది తప్పు చేస్తరు. ఫొటోల తర్వాతనేమో హైఫన్ ఆర్ 25 అని, పిక్స్ ఎఫ్ఎంటీకి వైయూవీ420పీ అని ఇయ్యుండ్రి. చానా టీవీలు ఆ రంగుల పద్ధతి తప్ప వేరేది చదవయి, మీ టీవీల ఆడకపోవుడు చానావరకు దానివల్లనే.

సాగుడు సంగతి వేరే. మొదటి ఫొటో ఏ సైజుల ఉంటే మిగతావన్నిటినీ ఆ సైజుకే గుంజుతది, అడ్డం ఫొటో ముందుంటే నిలువుగ తీసిన బతుకమ్మ గూడ పళ్లెం లెక్క అయితది, తంగేడు పూల వరుసలన్నీ చప్పిడిగ కనిపిస్తయి, అంత కష్టపడి పేర్చినంక అట్ల చూస్తే పానం చివుక్కుమంటది. అందుకని ముందుగాల ఇమేజ్‌మ్యాజిక్ అనే ఫొటోలు మార్చే సాఫ్ట్‌వేర్‌ల ఉన్న మోగ్రిఫై కమాండ్ తోని అన్నిటినీ 1920 బై 1080 లోపటికి రీసైజ్ చేసి, గ్రావిటీ సెంటర్, బ్యాక్‌గ్రౌండ్ బ్లాక్, ఎక్స్‌టెంట్ అదే సైజు ఇస్తే మిగిలిన జాగ నల్లగ నిండుతది, మనిషి మనిషి లెక్కనే ఉంటడు. రీసైజ్ కంటే ముందు ఆటో ఓరియెంట్ గూడ పెట్టుండ్రి, డాక్యుమెంట్‌గ పంపిన ఫొటోలు పక్కకు పడుకోకుంట ఉంటయి.

ఒక్కటి మాత్రం మర్వకుండ్రి అక్కా, మోగ్రిఫై ఒరిజినల్ ఫొటో మీదనే రాస్తది. ముందే వేరే ఫోల్డర్ చేసి హైఫన్ పాత్ తోని దాని పేరు ఇయ్యాలె, లేకపోతే అందరి ఫొటోలు చిన్నగైపోయి మళ్ల తిరిగి రావు.

వరుస కోసం పరేషాన్ అక్కర లేదు, ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ ఫొటోల పేర్లల్ల తేదీ, నాలుగంకెల నంబర్ ఉంటయి కాబట్టి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ల ప్యాటర్న్ టైప్ గ్లాబ్ (glob) పెడితే అవే వరుసల వస్తయి, ఇది ఉబుంటుల నడుస్తది. కెమెరాల తీసినవి కలిస్తే వాటి పేర్లు మాత్రం మార్చుకోవాలె.

మీ వాళ్లు పాడిన పాట రికార్డింగ్ ఆరు నిమిషాలే ఉంటే దాని ముందు స్ట్రీమ్ లూప్ మైనస్ 1, చివరికి హైఫన్ షార్టెస్ట్ పెట్టుండ్రి, ఫొటోలు అయిపోయిందాక పాట తిరుగుతనే ఉంటది.

మోగ్రిఫైది ఒకటి, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ది ఒకటి, ఇవి రెండు లైన్లు ఒక స్క్రిప్ట్ ఫైల్‌ల (కమాండ్లు రాసి పెట్టుకునే ఫైల్) రాసి పెట్టుకుంటే రోజు ఫొటోలు ఫోల్డర్‌ల ఏసి ఒక్కసారి నడిపిస్తే సరిపోతది. నిన్నటి తయారు ఫొటోలు తీసేయాలె, లేకపోతే కలుస్తయి. సద్దుల బతుకమ్మ నాటిదాక ఆగకుండ ఇయ్యాల్నే పది ఫొటోలతో చేసి, పెన్‌డ్రైవ్‌ల ఏసి ఆ హాల్ టీవీకే పెట్టి చూడుండ్రి.