మూసీ మట్టిని కిరణాల ముందు పెట్టే ముందు

చిరంజీవి తల్లికి,

నాగోలు దగ్గర మూసీ ఒడ్డు మట్టిని గామా కిరణాలతో శుద్ధి చేసే ప్రాజెక్టు తీసుకున్నానని మొన్న ఫోనులో చెప్పావు. చాలా సంతోషించాను. ముప్పై ఏళ్లు మట్టి పరీక్షలు చేసినవాణ్ని కాబట్టి ఒక మాట చెప్పక తప్పదు. ఆ మట్టిలో ఏమేమి ఉన్నాయో తేల్చుకోకుండా దాన్ని కిరణాల ముందు పెట్టకు.

కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం నుంచి వెలువడే ఈ గామా కిరణాలు సూక్ష్మజీవుల డీఎన్‌ఏను తెంచేస్తాయి. మట్టిలోని తేమను విడగొట్టి, అందులోంచి పుట్టే రాడికల్స్ అనే చురుకైన అణుశకలాలతో పురుగుమందుల అణువులను కూడా కొంతవరకు చీలుస్తాయి. సీసం, కాడ్మియం, క్రోమియం జోలికి మాత్రం పోవు. అవి ఎంత ఉన్నాయో అంతే ఉంటాయి. నగరం దిగువన మూసీ నీటితో పారాగడ్డి పెంచి పాడి గేదెలకు వేస్తారు కదా. క్రిములు చచ్చాయని మనం రాసిన కాగితం చూసి, తన నేల బాగుపడిందని ఒక్క రైతు నమ్మినా ఆ పాపం మనదే. అందుకే లోహాల పరీక్ష ముందు చేయించు. అవి ఎక్కువగా ఉన్న చోటును ఈ పనికి ఎంచుకోకు.

నమూనా పైపైన గీకి తేవద్దు. ఒడ్డున పారతో నిలువుగా ఒక గుంట తీసి చూడు. పైన వరద తెచ్చి వేసిన లేత ఇసుక ఉంటుంది. జానెడు లోతుకు వెళ్తే నల్లటి బురద తగిలి, కుళ్లిన గుడ్డు వాసన గుప్పుమంటుంది. ఆ రెండింటినీ ఒకే సంచిలో కలిపేస్తే ఏ పొర సంగతీ తెలియదు. ఏ పొరకా పొర విడిగా కట్టి, తేమ ఎంతుందో ఆ రోజే తూచి రాసుకో.

నేను మొదటిసారి చేసినప్పుడు తడి మట్టిని పెద్ద సంచిలో కుక్కి పంపాను. అంచుల్లోని మట్టి శుభ్రంగా వచ్చింది, నడుమ మట్టిలో బ్యాక్టీరియా నిక్షేపంగా ఉంది. మూడు నెలల పని మట్టిపాలైంది. నువ్వు పలుచని పొట్లాలు కట్టు. అంచునా నడుమా కూడా డోసు, అంటే మట్టికి అందిన కిరణశక్తి, కొలిచే పట్టీలు పెట్టించు. పూర్తిగా నిర్జీవం చేయాలంటే 25 కిలోగ్రేలు (కిలోగ్రే అంటే ఆ డోసుకు కొలమానం), ఒక్కోసారి అంతకు మించి కావాలి. ఆ మట్టి రేడియోధార్మికం అవుతుందేమోనని ఇంట్లో భయపడతారు. ఈ గామా కిరణాలకు అంత శక్తి లేదని ఓపికగా చెప్పు.

కిరణాలు తగిలాక అమ్మోనియం, మాంగనీసు పెరిగినట్టు పరీక్షలో కనిపిస్తుంది. నేల సారవంతమైందని మురిసిపోకు. ఆ అమ్మోనియం చాలావరకు చచ్చిన జీవుల్లోంచి వచ్చిందే. అలాంటి మట్టిలో పోటీ ఉండదు కాబట్టి ముందు ఏ బూజు వచ్చి పడితే అదే రాజ్యమేలుతుంది. మొక్క నాటే ముందు బాగా మాగిన కంపోస్టు కలపాలి.

ఇంకో లెక్క చెబుతాను. అహ్మదాబాద్‌లో ఎండిన మురుగు బురదను రోజుకు 100 టన్నుల వరకు గామా కిరణాలతో శుద్ధి చేసే ప్లాంటు పెట్టారు. ఒక హెక్టారు ఒడ్డును అడుగు లోతున తవ్వితే దాదాపు 3,900 టన్నుల మట్టి వస్తుంది. అంతటి ప్లాంటుకు కూడా అది నలభై రోజుల పని. పైగా తవ్వి వదులైన ఒడ్డును మొదటి వానకే నది కోసుకుపోతుంది. కాబట్టి ఒడ్డంతా శుద్ధి చేస్తామని రాయకు. మురుగు శుద్ధి కేంద్రాల్లో పోగుపడే బురదను పొలాలకు చేరకముందే కిరణాలకు గురిచేసేలా నీ ప్రశ్న మార్చుకో. అప్పుడు నీ పని ఎవరికైనా పనికొస్తుంది.

ఆదివారం పొద్దున్నే ఇంటికి రా. ఎండెక్కేలోపు ఒడ్డుకు వెళ్దాం. పార, సంచులు నా దగ్గరున్నాయి. చేతి తొడుగులు, మోకాళ్ల దాకా వచ్చే బూట్లు నువ్వు తెచ్చుకో. ఆ బురదలో చెప్పులతో దిగనివ్వను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న