చాక్లెట్ సిస్ట్ ఉంటే టీచింగ్ హాస్పిటల్‌లో ముందు ఏ క్లినిక్‌కి వెళ్లాలి?

మీరు రాసింది చదివాను. 33 ఏళ్లు, ఎడమ అండాశయంలో 5 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ (పాత రక్తం నిండిన తిత్తి), పీరియడ్స్ వస్తున్నాయంటేనే భయపడేంత నొప్పి, ఏడాదిన్నరగా పిల్లల కోసం చూస్తున్నారు, సీఏ-125 అనే రక్తపరీక్ష ఏమో 68 వచ్చింది. మీ డాక్టరు గారు మెడికల్ కాలేజీ ఆసుపత్రికి రాసిచ్చారు, తీరా చూస్తే అక్కడ గైనకాలజీ కిందే అరడజను క్లినిక్‌లున్నాయి, దేనికి వెళ్లాలో తెలియడం లేదు అన్నారు. అమ్మగారి గురించి అడిగింది చివర్లో చెప్తాను.

నాదీ ఇదే సమస్యండీ, ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం బయట పెరగడం, అది అండాశయంలో పెరిగితేనే చాక్లెట్ సిస్ట్. ఇలాంటి పెద్ద టీచింగ్ హాస్పిటల్‌లోనే ఫర్టిలిటీ క్లినిక్, లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చేసే ఆపరేషన్) యూనిట్, ఆ తర్వాత కడుపుతో ఉన్నప్పుడు హై రిస్క్ ప్రెగ్నెన్సీ క్లినిక్, మూడూ తిరిగాను. నేను డాక్టర్ని కాదు, రోగిగా చూసింది, అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, మీరు ఫర్టిలిటీ క్లినిక్‌తో మొదలుపెట్టండి. కానీ ఆపరేషన్ గురించి ఎవరు ఏం చెప్పినా, ఫర్టిలిటీ వాళ్లూ లాప్రోస్కోపీ సర్జన్లూ ఇద్దరూ మీ రిపోర్టులు చూసేవరకు ఒప్పుకోకండి.

ఎందుకంటే అక్కడ ఉన్నదంతా గైనకాలజీనే అయినా ఒక్కో క్లినిక్ చూసే ప్రశ్న వేరు. జబ్బు పేరు చూసి కాదు, మీకు ఇప్పుడు ఏం కావాలో దాన్ని బట్టి క్లినిక్ ఎంచుకోవాలి. సర్జన్ దగ్గరికి వెళ్తే నొప్పి ఎలా తగ్గించాలి, ఆ జబ్బు ఎక్కడెక్కడ పాకింది అని చూస్తారు. ఫర్టిలిటీ డాక్టరు మీ దగ్గర ఇంకా ఎన్ని అండాలు మిగిలి ఉండవచ్చు, టైమ్ ఎంత ఉంది అని చూస్తారు. ఈ రెండూ చాక్లెట్ సిస్ట్ దగ్గర సరిగ్గా ఢీకొంటాయి. సిస్ట్ గోడను ఒలిచి తీసేస్తే నొప్పి తగ్గే అవకాశం ఉంది, ఊరికే పీల్చేసి వదిలేయడంతో పోలిస్తే మళ్లీ వచ్చే అవకాశమూ తక్కువ. కానీ ఆ గోడతో పాటు పక్కనే ఉన్న మంచి అండాశయ కణజాలం కొంత పోతుంది, ఆపరేషన్ తర్వాత ఏఎంహెచ్ (ఎన్ని అండాలు మిగిలాయో అంచనా ఇచ్చే రక్తపరీక్ష) పడిపోవడం మామూలుగా చూస్తూనే ఉంటారు. రెండు పక్కలా సిస్టులుంటే ఆ నష్టం ఇంకా ఎక్కువ. పోనీ నొప్పికి హార్మోన్ మాత్రలు వాడదామంటే అవి అండం విడుదలను ఆపుతాయి, కాబట్టి గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడు అవి పనికిరావు. ఐవీఎఫ్ (అండాలు బయటికి తీసి ల్యాబ్‌లో ఫలదీకరణ చేసే పద్ధతి) సక్సెస్ పెరుగుతుందని ముందుగా అందరికీ సిస్ట్ తీసేయడం కూడా ఇప్పుడు చేయట్లేదు, 2022లో వచ్చిన యూరోపియన్ మార్గదర్శకాలు అలా మామూలుగా చేయొద్దనే చెప్తున్నాయి. నొప్పి బాగా ఉంటేనో, అండాలు తీయడానికి సిస్ట్ అడ్డుగా ఉంటేనో అప్పుడు వేరే లెక్క.

నా విషయంలో ఏం జరిగిందంటే, సర్జన్ స్కాన్ చూసి ఆపరేషన్ మంచిదన్నారు, ఫర్టిలిటీ క్లినిక్‌లో మాత్రం ఏఎంహెచ్ చూడకుండా కత్తి పెట్టొద్దన్నారు. విన్నప్పుడు వీళ్లలో ఎవరో ఒకరు తప్పు చెప్తున్నారేమో అనిపించి చాలా టెన్షన్ పడ్డాను. నిజానికి ఇద్దరూ ఎవరి ప్రశ్నకు వాళ్లు సరైన జవాబే చెప్పారు. ఏఎంహెచ్ బాగానే వచ్చింది, ఎంఆర్‌ఐలో గర్భసంచి వెనకాల పేగుకి అతుక్కుని ఒక గడ్డ కూడా కనిపించింది, బయట చేయించుకున్న మొదటి స్కాన్‌లో దాని ఊసే లేదు. అప్పుడు రెండు యూనిట్ల వాళ్లూ కూర్చుని మాట్లాడుకుని ముందు ఆపరేషన్, తర్వాత కొన్ని నెలలు మామూలుగా ప్రయత్నించడం, అప్పటికీ కాకపోతే ఐవీఎఫ్ అని ఒక వరుస రాసిచ్చారు. థియేటర్లో గైనిక్ సర్జన్‌తో పాటు పేగుల సర్జన్ కూడా ఉన్నారు. ఇలాంటి జబ్బుకి పెద్ద ఆసుపత్రికి వెళ్లమనడంలో అసలు లాభం నా లెక్కలో ఇదే, పేగు, మూత్రనాళం లాంటి చోట్ల జబ్బు ఉంటే ఆ డాక్టర్లు అదే బిల్డింగ్‌లో దొరుకుతారు, ఒక్క ఆపరేషన్‌లో పని అయిపోతుంది. మీకూ నాకు చేసినట్టే చేస్తారని కాదు. మీ ఏఎంహెచ్ తక్కువ వస్తే ముందు అండాలు తీసి పెట్టుకుందాం అనవచ్చు, అదీ మంచి సలహానే. అన్నట్టు, ఏఎంహెచ్ తక్కువ వచ్చినంత మాత్రాన మామూలుగా గర్భం రాదని అర్థం కాదు, ఆ నంబర్ చూసి ఏడవకండి, అది ఎక్కువగా ఐవీఎఫ్ మందులకు ఎన్ని అండాలు రావచ్చో అంచనా వేయడానికి పనికొస్తుంది.

ఇంకో మాట, గట్టిగానే చెప్తున్నాను: మొదటి విజిట్‌కే మీ వారిని తీసుకెళ్లండి. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కారణం కూడా ఏదో ఒక మేరకు ఉంటుంది. వీర్యపరీక్ష ఎంత తేలికైన పరీక్షండీ, అది చేయించకుండా ఆడవాళ్ల కడుపు మీద కోత పెట్టించే ఇళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. మామూలుగా ఏడాది ప్రయత్నించాక పరీక్షలకు రమ్మంటారు, 35 దాటితే ఆరు నెలలకే. మీకు ఏడాదిన్నర అయింది, పైగా సిస్ట్ ఉంది, ఇంకా ఆగాల్సిన పని లేదు.

ఇక సీఏ-125. 68 చూసి మీరు క్యాన్సర్ అని నెట్‌లో వెతికానన్నారు, నేనూ ఆ భయం పడ్డదాన్నే. 35 లోపు నార్మల్ అని రిపోర్టులో రాస్తారు గానీ ఎండోమెట్రియోసిస్, ఫైబ్రాయిడ్స్, కడుపులో ఇన్ఫెక్షన్, గర్భం, చివరికి పీరియడ్స్ టైమ్‌లో పరీక్షకి రక్తం ఇచ్చినా అది పెరగవచ్చు. మీ వయసులో, చాక్లెట్ సిస్ట్ ఉండగా 68 అన్నది ఆ జబ్బుతోనే రాగలిగిన నంబరు. గైనిక్ ఆంకాలజీ (ఆడవాళ్ల క్యాన్సర్ విభాగం) వాళ్లు ఆ ఒక్క నంబరు చూసి తేల్చరు, స్కాన్‌లో సిస్ట్ లోపల గట్టి భాగాలున్నాయా, వాటిలోకి రక్తప్రవాహం ఉందా, కడుపులో నీరు చేరిందా అని చూస్తారు. మీ రిపోర్టులో ఇవేవీ రాయలేదు కాబట్టి మీరు నేరుగా ఆంకాలజీకి వెళ్లనక్కర్లేదు. కానీ ఎప్పుడైనా అలాంటి అనుమానం రాస్తే మాత్రం ఆపరేషన్ ఆంకాలజీ సర్జన్ చేతే చేయించుకోవాలి, మామూలు లాప్రోస్కోపీ లిస్టులో కాదు. అండాశయ క్యాన్సర్‌లో మొదటి ఆపరేషన్ ఎవరు, ఎలా చేశారన్నది తర్వాత జరిగేదాన్ని చాలా మారుస్తుంది.

బోర్డు మీద మిగతా పేర్లు, అంటే టీనేజ్ పిల్లల గైనిక్, మెనోపాజ్ క్లినిక్, కుటుంబ నియంత్రణ, ఇప్పుడు మీకు అవసరం లేదు. హై రిస్క్ ప్రెగ్నెన్సీ క్లినిక్ పేరు మాత్రం గుర్తుపెట్టుకోండి. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లలో, ఐవీఎఫ్‌తో గర్భం వచ్చినవాళ్లలో మాయ కిందికి ఉండే అవకాశం కాస్త ఎక్కువ. నాకు అయిదో నెల స్కాన్‌లో మాయ గర్భసంచి ద్వారానికి దగ్గరగా ఉందన్నారు. చాలామందిలో గర్భసంచి పెరిగే కొద్దీ అది పైకి జరిగిపోతుందట, నాకూ 32 వారాల స్కాన్‌కి జరిగిపోయింది, కానీ అప్పటిదాకా చూసుకున్నది ఆ క్లినిక్ వాళ్లే. గర్భం వచ్చాక మొదటి విజిట్‌లోనే మీ జబ్బు, ఆపరేషన్ అయితే దాని వివరాలు చెప్పండి.

టీచింగ్ హాస్పిటల్‌లో మీకు విసుగొచ్చే విషయం ఒకటుంది. హౌస్ సర్జన్ అడుగుతారు, పీజీ డాక్టర్ అడుగుతారు, తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్ వచ్చి అవే ప్రశ్నలు మళ్లీ అడుగుతారు. ఓపిగ్గా అందరికీ చెప్పండి. మలవిసర్జనప్పుడు నొప్పి ఉంటుందా, కలయికప్పుడు ఉంటుందా అని నన్ను మొదట అడిగింది ఒక పీజీ అమ్మాయే, ఆ జవాబు వల్లే ఎంఆర్‌ఐ రాశారు. ఇలాంటివి సిగ్గుపడి దాచకండి. అలాగే లోపలి పరీక్ష చేసేటప్పుడు విద్యార్థులు ఉండొద్దని చెప్పే హక్కు మీకుంది, మత్తులో ఉన్నప్పుడు శిక్షణ కోసం చేసే పరీక్షకైనా మిమ్మల్ని అడగాల్సిందే. సంతకం పెట్టే ముందు ఆ కాగితంలో ఏముందో చదవండి, ముఖ్యంగా అవసరమైతే అండాశయం తీసేయవచ్చు అనే లైన్ ఉందేమో చూసి, ఎలాంటి పరిస్థితిలో అని అడగండి. స్కాన్ రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా ఫిల్మ్ లేదా సీడీ తీసుకెళ్లండి, సర్జన్లు బొమ్మలు చూడాలంటారు. రెండు మూడు క్లినిక్‌ల మధ్య తిరగాల్సి వస్తుంది కాబట్టి మొత్తం మీద మీ ఫైల్ ఏ యూనిట్‌ది, ఆఖరి మాట ఎవరిదో మొదటి రోజే అడిగి రాయించుకోండి. ఇది చేయకపోతే ఒకరు రాసింది ఇంకొకరికి తెలియక నెలలు గడిచిపోతాయి.

ఈలోగా ఒక పక్క ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతులు, కళ్లు తిరగడం వస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, క్యాజువాలిటీకి వెళ్లండి. సిస్ట్ పగలవచ్చు, అండాశయం మెలి తిరగవచ్చు.

అమ్మగారికి 61, దగ్గినా తుమ్మినా యూరిన్ లీక్ అవుతోంది, గర్భసంచి తీసేయాలేమో అన్నారు ఎవరో అని రాశారు. గర్భసంచి తీసేస్తే దగ్గినప్పుడు లీకవడం ఆగదండీ, ఆ మాట నమ్మకండి. ఆవిడకి కావాల్సింది యూరోగైనకాలజీ, అంటే ఆడవాళ్ల మూత్రాశయం, కటి కండరాల సమస్యలు చూసే క్లినిక్. మొదట యూరిన్ పరీక్ష చేస్తారు, ఎప్పుడెప్పుడు తాగారు, ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు లీక్ అయింది అని రెండు మూడు రోజులు రాసుకు రమ్మంటారు, ముందే రాసిపెట్టుకుంటే ఒక విజిట్ మిగులుతుంది. తర్వాత ఫిజియోథెరపిస్ట్ దగ్గర కటి కండరాల వ్యాయామాలు కనీసం మూడు నెలలు చేయిస్తారు, చాలామందికి దాంతోనే బాగా తగ్గుతుంది, తగ్గకపోతేనే చిన్న ఆపరేషన్ మాట. అయితే ఒకటి అడగండి ఆవిడని: పీరియడ్స్ ఆగిపోయాక ఎప్పుడైనా, ఒక్క చుక్కైనా, రక్తం కనిపించిందా అని. కనిపించింది అంటే యూరోగైనిక్ కోసం ఆగకుండా మామూలు గైనిక్ ఓపీకే ఈ వారంలో తీసుకెళ్లి గర్భసంచి పొర మందం చూసే స్కాన్ చేయించండి. ఎక్కువసార్లు ఏమీ ఉండదు, కానీ గర్భసంచి క్యాన్సర్ ముందుగా బయటపడేది ఆ రక్తంతోనే, అప్పుడే పట్టుకుంటే చాలామందికి పూర్తిగా నయమవుతుంది.