పాఠకుల ప్రశ్నలు: అమెరికా అధ్యక్షుడి ఏడాది, అందులో విశాఖ పేరు

ప్రశ్న: 2014లో అమెరికా అధ్యక్షుడు ఒబామా, మన ప్రధాని మోదీ కలిసి విడుదల చేసిన ప్రకటనలో విశాఖపట్నాన్ని స్మార్ట్ సిటీగా తీర్చిదిద్దే మాట ఉందని మా నాన్నగారు ఇప్పటికీ చెబుతుంటారు. అంతటి వ్యక్తి మాట ఇచ్చాక అమెరికా వాళ్లే వచ్చి ఊరిని కట్టాలి కదా అన్నది ఆయన వాదన. అసలు అమెరికా అధ్యక్షుడికి ఏడాది పొడవునా ఏ పనులు ఉంటాయి? వాటిలో మన ఊరి వంటి విషయానికి ఎంత చోటు దక్కుతుంది? వివరంగా తెలియజేయగలరు.
- ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: మీ నాన్నగారికి గుర్తున్న ప్రకటన నిజమైనదే. 2014 సెప్టెంబరు 30న వాషింగ్టన్‌లో వెలువడిన సంయుక్త ప్రకటనలో అజ్మీర్, అలహాబాద్‌లతో పాటు విశాఖపట్నం పేరు కూడా ఉంది. అయితే అందులో ఎవరు ఏమన్నారో కాస్త నిదానంగా చదవాలి. ఈ మూడు నగరాలను స్మార్ట్ సిటీలుగా అభివృద్ధి చేయడంలో అమెరికా పరిశ్రమను ప్రధాన భాగస్వామిగా ఆహ్వానిస్తామని ముందుకు వచ్చింది మన ప్రధాని. ఒబామా ఆ ప్రతిపాదనను స్వాగతించి, మౌలిక వసతుల విషయమై 2015లో రెండు వాణిజ్య బృందాలను పంపుతామని తెలిపారు. కట్టిస్తానని ఆయన ఎక్కడా అనలేదు. అనడానికి ఆయన చేతిలో ఆ అధికారమూ లేదు, ఎందుకంటే అమెరికా కంపెనీలు ఎక్కడ పెట్టుబడి పెట్టాలో అధ్యక్షుడు ఆదేశించలేడు, ప్రభుత్వ ఖజానా నుంచి ఒక్క డాలరు తీయాలన్నా అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ అనుమతి కావాలి.

ఈ సంగతి బాగా అర్థం కావాలంటే ఆ 2014 సంవత్సరాన్నే ముందు పెట్టుకుని చూడడం మంచిది. అక్కడి అధ్యక్షుడు మన రాష్ట్రపతిలా దేశాధినేత, మన ప్రధానిలా ప్రభుత్వాధినేత కూడా. కాబట్టి ఒకే మనిషి ఉదయం యుద్ధం గురించి నిర్ణయం తీసుకుని, మధ్యాహ్నం విదేశీ అతిథికి స్వాగతం పలికి, సాయంత్రం పండుగ దీపాలు వెలిగించవలసి వస్తుంది. అయినా మన ప్రధానికి ఉన్న ఒక పెద్ద బలం ఆయనకు లేదు. ఆయన చట్టసభలో సభ్యుడు కాడు, అక్కడ స్వయంగా బిల్లు ప్రవేశపెట్టలేడు, సభలో మెజారిటీ తన పార్టీకి ఉంటుందన్న హామీ కూడా లేదు. 2014లో కాంగ్రెస్ దిగువ సభ అయిన ప్రతినిధుల సభ ప్రతిపక్ష రిపబ్లికన్ల చేతిలోనే ఉంది.

ఏడాది మొదట్లో వచ్చే పెద్ద ఘట్టం ఉభయ సభల ముందు చేసే ప్రసంగం. దేశ పరిస్థితిని కాంగ్రెస్‌కు అప్పుడప్పుడు తెలియజేస్తూ ఉండాలని రాజ్యాంగం చెబుతుంది. జార్జి వాషింగ్టన్ 1790లో స్వయంగా వెళ్లి మాట్లాడారు, 1801లో జెఫర్సన్ రాతపూర్వకంగా పంపే పద్ధతి మొదలుపెట్టారు, 1913లో విల్సన్ మళ్లీ సభకు వెళ్లారు. ఒబామా 2014 జనవరి 28న చేసిన ప్రసంగంలో కనీస వేతనం పెంచాలని కోరారు. ఆ కోరిక ఏమైందో చూస్తే ఆయన అధికారం ఎంతవరకో తెలుస్తుంది. దేశమంతటికీ వర్తించే కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. దాన్ని మార్చాలంటే చట్టం కావాలి, కాంగ్రెస్ ఆ చట్టం చేయలేదు. అందువల్ల ఫిబ్రవరి 12న ఆయన తన పరిధిలో ఉన్న పని మాత్రం చేశారు: ప్రభుత్వంతో కొత్తగా కాంట్రాక్టు కుదుర్చుకునే సంస్థలు తమ కార్మికులకు గంటకు 10.10 డాలర్లు ఇవ్వాలని ఉత్తర్వు జారీ చేశారు. కోట్లాది మందికి వర్తించాలనుకున్నది ప్రభుత్వ కాంట్రాక్టుల దగ్గరే ఆగిపోయింది.

బడ్జెట్ విషయంలో మన పాఠకులు ఎక్కువగా పొరబడుతుంటారు. మన దగ్గర ఆర్థిక మంత్రి బడ్జెట్ పెడితే అది దాదాపు అలాగే ఆమోదం పొందుతుంది, లోక్‌సభ కాదంటే ప్రభుత్వమే పడిపోతుంది. అక్కడ అధ్యక్షుడు పంపేది ప్రతిపాదన మాత్రమే. ఫిబ్రవరి మొదటి సోమవారానికల్లా పంపాలని చట్టం ఉన్నా, 2014లో అది మార్చి 4న వెళ్లింది. వాళ్ల ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆలోగా ఖర్చుల బిల్లులు గాని, కనీసం తాత్కాలిక ఏర్పాటు గాని ఆమోదం పొందకపోతే అత్యవసరం కాని ప్రభుత్వ కార్యాలయాలు మూతపడతాయి. 2013 అక్టోబరులో 16 రోజులు అలాగే మూతపడ్డాయి, దానితో ఒబామా ఆసియా పర్యటనే రద్దు చేసుకోవలసి వచ్చింది. అప్పుడు ఆగిపోయిన మలేసియా, ఫిలిప్పీన్స్ పర్యటనలను 2014 ఏప్రిల్‌లో జపాన్, దక్షిణ కొరియాలతో కలిపి పూర్తి చేశారు. ప్రపంచంలోకెల్లా శక్తిమంతుడనిపించుకునే మనిషి తన ప్రయాణాన్నే కాంగ్రెస్ వల్ల మానుకోవలసి రావడం నాకు ఎప్పుడూ ఆలోచించదగ్గ విషయంగానే తోస్తుంది.

అనుకోకుండా వచ్చిపడే పనుల లెక్క వేరు. ఆ మార్చిలో రష్యా క్రిమియాను కలుపుకోవడంతో ఆంక్షల ఉత్తర్వులు, మే నెలాఖరున మాజీ సైనికుల ఆసుపత్రుల వ్యవహారంలో ఆ శాఖ మంత్రి రాజీనామా, జూన్‌లో బ్రస్సెల్స్‌లో జీ7 సమావేశం, ఆగస్టులో ఇరాక్‌లో వైమానిక దాడులకు అనుమతి, సెప్టెంబరులో పశ్చిమ ఆఫ్రికాకు ప్రాణాంతకమైన ఎబోలా అంటువ్యాధి విషయంలో సహాయం కోసం సైనికులను పంపే నిర్ణయం, అదే నెల 22 రాత్రి సిరియాలో దాడులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఇలాంటి వాటి మధ్యనే సెప్టెంబరు నెలాఖరున మన ప్రధాని వాషింగ్టన్ చేరుకున్నారు.

29వ తేదీ రాత్రి వైట్‌హౌస్‌లో విందు జరిగింది. నవరాత్రి ఉపవాసంలో ఉన్న మోదీ గోరువెచ్చని నీళ్లు మాత్రమే తీసుకున్నారు. మరునాడు ఓవల్ ఆఫీసులో చర్చలు జరిగాక, ఇద్దరూ కలిసి మార్టిన్ లూథర్ కింగ్ స్మారకానికి వెళ్లారు. మన ఊరి పేరున్న ప్రకటన వెలువడింది ఆ రోజే. అదే రోజు ఇంకా ఏమేం జరిగాయో గమనించండి. అమెరికా గడ్డ మీద మొట్టమొదటి ఎబోలా కేసు డల్లాస్‌లో నిర్ధారణ అయింది. కాబూల్‌లో అమెరికా, అఫ్గానిస్థాన్‌ల భద్రతా ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. కొద్ది రోజుల క్రితం ఒక వ్యక్తి కంచె దూకి వైట్‌హౌస్ లోపలి దాకా చొరబడిన సంఘటనపై అధ్యక్షుడి భద్రత చూసే సీక్రెట్ సర్వీస్ అధిపతిని కాంగ్రెస్ కమిటీ నిలదీసింది, మరునాడే ఆమె రాజీనామా చేశారు. పైగా అది వాళ్ల ఆర్థిక సంవత్సరంలో ఆఖరి రోజు, మరునాటి నుంచి ప్రభుత్వం నడవవలసింది డిసెంబరు 11 వరకే చెల్లే తాత్కాలిక ఏర్పాటు మీద.

ఇవన్నీ చెప్పడం మన ఊరి విషయాన్ని తక్కువ చేయడానికి కాదు. అధ్యక్షుడి దినచర్యలో ఒక అంశానికి దక్కేది కొద్ది సేపే. ఆ తరువాత దాన్ని నడిపించవలసింది శాఖలు, ఏజెన్సీలు, ఇక్కడి ప్రభుత్వాలు. విశాఖ విషయంలో ఆ పని పూర్తిగా ఆగిపోలేదు. 2015 జనవరిలో ఒబామా గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చినప్పుడు అమెరికా వాణిజ్యాభివృద్ధి సంస్థకూ మన రాష్ట్ర ప్రభుత్వానికీ మధ్య అవగాహన ఒప్పందం కుదిరింది. ఆ సంస్థ చేసే పని ప్రణాళికలకూ అధ్యయనాలకూ తోడ్పడడం, అంతేగాని రోడ్లు వేయడం కాదు. స్మార్ట్ సిటీ నిధులు వచ్చింది మన కేంద్ర ప్రభుత్వం 2015 జూన్‌లో ప్రారంభించిన పథకం నుంచి. 2016 జనవరిలో ప్రకటించిన తొలి 20 నగరాల జాబితాలో విశాఖ చోటు సంపాదించుకుంది. ఇక ఆ ప్రకటన వెలువడిన పన్నెండో రోజున హుద్‌హుద్ తుపాను మన తీరాన్ని తాకిందన్న సంగతి విశాఖవాసులకు నేను గుర్తు చేయనక్కరలేదు. మీ నాన్నగారి నిరాశలో న్యాయం ఉంది. కానీ లెక్క అడగవలసిన చోటు వాషింగ్టన్ కంటే చాలా దగ్గరలోనే ఉంది.

ప్రశ్న: అధ్యక్షుడు సంతకం చేస్తే ఏ పనైనా జరిగిపోతుందని టీవీలో చూస్తే అనిపిస్తుంది. ఆయన బల్ల మీదికి కాగితం ఎలా చేరుతుంది? సంతకం తరువాత దాన్ని ఎవరైనా ఆపగలరా?
- పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: చాలావరకు ఆయన ముందుకు వచ్చేది సిబ్బంది ముందే వడపోసిన కాగితం. ఒబామా కాలంలో నిర్ణయం కోరుతూ వచ్చే నోట్ చివర మూడు గడులు ఉండేవి: అంగీకరిస్తున్నాను, అంగీకరించడం లేదు, చర్చిద్దాం. రాత్రి భోజనం అయ్యాక ఆయన నివాస భాగంలోనే కూర్చుని ఆ గడుల్లో గుర్తు పెట్టి, పక్కన వ్యాఖ్యలు రాసి తిప్పి పంపేవారు. పౌరుల నుంచి వచ్చే వేలాది ఉత్తరాల్లో సిబ్బంది ఎంచిన పదింటిని కూడా ఆ కాగితాలతో పాటే చదివేవారు. తేలికగా తేలిపోయే విషయాలను కిందివాళ్లే తేల్చేస్తారు గనుక, పై దాకా వచ్చేవన్నీ ఎటు తేల్చినా ఎవరికో ఒకరికి కష్టం కలిగించేవే. ఆ ఉద్యోగంలోని అసలు బరువు అదేనని నా అభిప్రాయం.

బిల్లుల సంగతి రాజ్యాంగంలోనే స్పష్టంగా ఉంది. ఉభయ సభలు ఆమోదించిన బిల్లు చేతికి అందాక, ఆదివారాలు మినహాయించి పది రోజుల్లో సంతకం చేయాలి, లేదా అభ్యంతరాలతో తిప్పి పంపాలి. ఏదీ చేయకపోతే, కాంగ్రెస్ సమావేశాల్లో ఉన్నంతవరకు అది తనంతట తానే చట్టమవుతుంది. కాంగ్రెస్ వాయిదా పడిపోయి ఉంటే బిల్లు అక్కడితో ముగిసిపోతుంది. తిప్పి పంపిన బిల్లును రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓటుతో మళ్లీ నెగ్గించుకోవచ్చు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తన పాలనలో 635 బిల్లులను ఇలా అడ్డుకున్నారు, ఒబామా ఎనిమిదేళ్లలో 12 మాత్రమే. ముఖ్యమైన చట్టాల మీద సంతకాన్ని అనేక కలాలతో ముక్కలు ముక్కలుగా పెట్టి, ఆ కలాలను చట్టం కోసం పాటుపడినవారికి ఇచ్చే ఆనవాయితీ ఉంది. 2010 ఆరోగ్య బీమా చట్టానికి ఒబామా 22 కలాలు వాడారు.

ఉత్తర్వులు, ఆదేశాల విషయానికి వస్తే, వాటిని న్యాయస్థానం ఆపగలదు. 2014 నవంబరు 20న ఒబామా, సరైన పత్రాలు లేకుండా దేశంలో ఉంటున్న లక్షలాది తల్లిదండ్రులను తాత్కాలికంగా వెనక్కి పంపకుండా ఉండే విధానాన్ని ప్రకటించారు. 2015 ఫిబ్రవరిలో టెక్సస్‌లోని ఒక ఫెడరల్ న్యాయమూర్తి దాన్ని నిలిపివేశారు. 2016 జూన్‌లో సుప్రీంకోర్టు 4-4గా చీలిపోవడంతో ఆ నిలుపుదల అలాగే కొనసాగింది. ఉన్నత పదవుల్లో చాలావాటి నియామకాలకు కాంగ్రెస్ ఎగువ సభ అయిన సెనేట్ సమ్మతి కావాలి. కన్నడ మూలాలున్న వివేక్ మూర్తిని ప్రజారోగ్య విషయాల్లో దేశానికి ప్రధాన వైద్యుడైన సర్జన్ జనరల్‌గా 2013 నవంబరులో ప్రతిపాదిస్తే, సెనేట్ ఆమోదించేసరికి 2014 డిసెంబరు 15 వచ్చింది. దేశం ఎబోలా భయంతో అట్టుడుకుతున్న నెలల్లో ఆ పదవిలో పూర్తిస్థాయి అధికారి లేకపోవడం నిజంగా విచారించదగ్గ సంగతి.

ప్రశ్న: ఆయనకు సెలవులు ఉంటాయా? జీతం ఎంత?
- ఒక విశ్రాంత ఉద్యోగి, ఎంవీపీ కాలనీ

జవాబు: సెలవు పెట్టుకోవడానికి పై అధికారి ఎవరూ లేరు, బాధ్యత నుంచి విడుదలా లేదు. ఎక్కడికి వెళ్లినా అణ్వాయుధ సంకేతాల పెట్టె పట్టుకున్న సైనికాధికారి వెంట ఉంటాడు. 2014 ఆగస్టులో మార్తాస్ వినియార్డ్ దీవిలో కుటుంబంతో గడుపుతున్న ఒబామా మధ్యలో రెండు రోజుల కోసం వాషింగ్టన్‌కు తిరిగి రావలసి వచ్చింది. సిరియాలో అమెరికా పాత్రికేయుడి హత్యపై ఆ దీవి నుంచే ప్రకటన చేసి, వెంటనే గోల్ఫ్‌కు వెళ్లినందుకు గట్టి విమర్శలు వచ్చాయి. ఆ విమర్శ న్యాయమైనదేనని నేను భావిస్తాను. వైద్య పరీక్షకు మత్తు తీసుకోవలసి వస్తే రాజ్యాంగ 25వ సవరణ ప్రకారం అధికారాన్ని ఉపాధ్యక్షుడికి రాసి ఇస్తారు. 2021 నవంబరు 19న బైడెన్ అలా చేయడంతో కమలా హారిస్ 85 నిమిషాలు అధ్యక్ష బాధ్యతలు నిర్వహించారు. జీతం 2001 నుంచి ఏడాదికి 4,00,000 డాలర్లు, ఖర్చులకు మరో 50,000. పదవిలో ఉండగా ఆ జీతం పెంచడానికీ తగ్గించడానికీ వీలులేదు.

ప్రశ్న: ఒక అధ్యక్షుడు ఫలానా రోజు ఏం చేశారో మనలాంటి విదేశీయులు తెలుసుకునే మార్గం ఉందా? విశాఖ ప్రస్తావన మీద చిన్న పరిశోధన చేయాలనుకుంటున్నాను.
- ఒక పరిశోధక విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: ఉంది. 1978లో చేసిన చట్టం ప్రకారం అధ్యక్షుడి పత్రాలు ఆయన సొంత ఆస్తి కావు, ప్రజలవి. పదవి నుంచి దిగిపోయిన రోజునే అవి జాతీయ ఆర్కైవ్స్ అధీనంలోకి వెళతాయి. అయిదేళ్ల తరువాత సమాచార స్వేచ్ఛా చట్టం కింద ఎవరైనా వాటి కోసం దరఖాస్తు చేయవచ్చు, అమెరికా పౌరులే కానక్కరలేదు. కొన్ని తరగతుల పత్రాలను మాత్రం 12 ఏళ్ల దాకా ఆపి ఉంచవచ్చు, రక్షణ రహస్యాలకు అంతకు మించిన పరిమితులూ ఉంటాయి. ఒబామా 2017 జనవరి 20న దిగిపోయారు గనుక 2022 జనవరి నుంచి ఆయన పత్రాలకు దరఖాస్తుల దారి తెరుచుకుంది. మీరు నేరుగా ఒబామా అధ్యక్ష గ్రంథాలయానికి రాయండి. ‘భారత పర్యటన పత్రాలన్నీ కావాలి’ అని రాస్తే సంవత్సరాలు పడుతుంది. 2014 సెప్టెంబరు 29, 30 తేదీల దినచర్య, సంయుక్త ప్రకటన ముసాయిదాలు, స్మార్ట్ సిటీల పేరాకు సంబంధించిన నోట్లు అని తేదీతో, అంశంతో విడివిడిగా అడగండి. అదే సమయంలో 2015 జనవరి అవగాహన ఒప్పందం ప్రతి కోసం మన రాష్ట్ర పురపాలక శాఖకు సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. అక్కడి సమాధానం కంటే ఇది ముందు చేతికి వచ్చే అవకాశం ఉంది, మీ పరిశోధనకు మొదట కావలసిందీ అదే.