ఓడ దొరికితే మన 25,000 లక్ష అవుతుందా?

టాంపా నుంచి ఒక చెల్లెమ్మ రాసింది. వాళ్ళ మరిదికి తెలిసినవాళ్ళు ఫ్లోరిడా తీరంలో మునిగిన పాత స్పానిష్ ఓడ సరుకు పైకి తీస్తున్నారట, ఎల్ఎల్‌సీ (ఒక రకం చిన్న కంపెనీ) పెట్టి ఇన్వెస్టర్ల దగ్గర మొత్తం కోటీ 25 లక్షల డాలర్లు పోగేస్తున్నారట. "అన్నయ్యా, సరుకు విలువ 5 కోట్ల డాలర్లని బ్రోచర్లో వేశారు, మేం 25,000 పెడితే 0.2 శాతం, అంటే లక్ష వస్తాయి కదా, పాప కాలేజీకని 529 ఖాతాలో (చదువు కోసం పెట్టే పొదుపు ఖాతా) దాచిన డబ్బు తీసి పెట్టేద్దామా?" అని అడిగింది.

చెల్లెమ్మా, ముందే చెప్పేస్తున్నా, పాప డబ్బు కదపొద్దు. 529లోంచి చదువుకి కాకుండా తీస్తే అందులో వచ్చిన లాభం మీద ట్యాక్సు కట్టాలి, పైన 10 శాతం పెనాల్టీ, అంటే ఓడ సంగతి తేలకముందే నష్టం మొదలైనట్టు. మీ మరిది మంచి ఉద్దేశంతోనే చెప్తుండొచ్చు, అతనికి కూడా ఇది చదివి వినిపించండి.

ఆ 5 కోట్లు అనేది ఎవరు కట్టిన విలువ? ఇది అడగండి ముందు. ఒకసారి కాయిన్ షోలో సముద్రంలోంచి తీసిన స్పానిష్ వెండి నాణెం ఒకటి నా అరచేతిలో పెట్టారు, ఎనిమిది రియాల్స్ నాణెం, కొత్తగా ఉన్నప్పుడు 27 గ్రాములు ఉండేది, ఇది ఉప్పునీళ్ళకి ఒక పక్కంతా తినేసి అంచు బ్లేడులా పల్చగా అయిపోయింది, ముద్ర సగమే కనిపిస్తోంది. పక్కనే అదే ఓడలో దొరికిన ఇంకో నాణెం, శిలువ గుర్తు నిండుగా ఉంది, దాని రేటు దీనికి ఎన్నో రెట్లు. వెండి విలువ చూస్తే రెండూ కొన్ని పదుల డాలర్లే, మిగతా రేటంతా కండిషన్‌ది, సర్టిఫికెట్‌ది, ఆ ఓడ పేరుది. అందుకే బాగున్న నాణెం రేటు పట్టుకుని మొత్తం సంఖ్యతో గుణిస్తే వచ్చే అంకె ఉత్త కాగితం మీద అంకె. పైగా అన్నీ ఒకేసారి మార్కెట్లోకి వస్తే రేటు పడిపోతుంది, మెల్లగా అమ్ముదామంటే ఏళ్ళు పడుతుంది, ఈలోపు లాకరు, ఇన్సూరెన్సు, జీతాలు నడుస్తూనే ఉంటాయి.

ఇక పంపకం. మీ కేసుకి బాగా దగ్గరది ఎస్ఎస్ సెంట్రల్ అమెరికా. 1857లో కాలిఫోర్నియా బంగారంతో న్యూయార్క్ వెళ్తూ తుఫానులో మునిగింది, 425 మంది చనిపోయారు. ఒహాయో ఇంజినీర్ టామీ థాంప్సన్ 161 మంది ఇన్వెస్టర్ల దగ్గర కోటీ 27 లక్షల డాలర్లు తీసుకుని 1988లో ఆ ఓడ పట్టుకున్నాడు, బంగారం నిజంగానే పైకొచ్చింది. వెంటనే 39 ఇన్సూరెన్స్ కంపెనీలు మాదంటే మాదని కోర్టుకెళ్ళాయి, అప్పట్లో పోయిన బంగారానికి పరిహారం కట్టింది మేమేనని. ఆ కేసు ఏళ్ళ తరబడి నడిచి చివరికి 92 శాతం దాకా వెతికినవాళ్ళకే వచ్చింది, 2000లో దాదాపు 5 కోట్ల డాలర్లకి అమ్మారు. కానీ అదంతా అప్పులకీ లాయర్లకీ పోయిందని థాంప్సన్ అన్నాడు, మాకు ఒక్క డాలరు కూడా రాలేదని ఇన్వెస్టర్లు 2005లో కేసు వేశారు. థాంప్సన్ 2012లో కోర్టుకి రాకుండా పారిపోయి 2015లో ఫ్లోరిడా హోటల్లో దొరికాడు, 500 బంగారు నాణేలు ఎక్కడున్నాయో చెప్పనందుకు ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నాడు. గమనించండి, ఓడ దొరికింది, బంగారం దొరికింది, కోర్టులో గెలిచారు, అమ్మకం కూడా అయింది, అయినా ఇన్వెస్టరు చేతికి మాత్రం రాలేదు.

మీ ఊళ్ళో జరిగిందే ఇంకోటి. టాంపాలోని ఒడిస్సీ మెరైన్ కంపెనీ 2007లో సుమారు 17 టన్నుల నాణేలు విమానంలో తెచ్చింది, 50 కోట్ల డాలర్లని పేపర్లు రాశాయి. అది 1804లో మునిగిన మా నేవీ ఓడ మెర్సిడెస్ అని స్పెయిన్ టాంపా కోర్టులోనే వాదించి గెలిచింది, 2012లో రెండు మిలిటరీ విమానాలు టాంపాలోని మెక్‌డిల్ ఎయిర్‌ఫోర్స్ బేస్ నుంచి మొత్తం ఎత్తుకెళ్ళాయి. మీ ఓడ కూడా స్పానిష్‌ది అంటున్నారు కాబట్టి అది స్పెయిన్ రాజుగారి యుద్ధనౌకా (అయితే మెర్సిడెస్‌లాగే స్పెయిన్ అడగొచ్చు), ప్రైవేటు సరుకు ఓడా అన్నది తేలకుండా సంతకం పెట్టకూడదు. అదే కంపెనీ కలకత్తా నుంచి బయల్దేరి 1941లో మునిగిన గైర్సోప్పా అనే బ్రిటిష్ ఓడ వెండికి ముందుగానే బ్రిటన్ ప్రభుత్వంతో ఒప్పందం రాసుకుంది, ఖర్చులు పోను 80 శాతం కంపెనీకని, 100 టన్నులకి పైగా తీశారు, హక్కు విషయంలో గొడవ లేదు. ముందు కాగితం ఉంటే అంత తేడా వస్తుంది.

ఫ్లోరిడా రాష్ట్ర జలాల్లో అయితే ఇంకో సంగతి, 1715లో మునిగిన స్పానిష్ ఓడల సరుకులో రాష్ట్రం 20 శాతం దాకా మ్యూజియంకి తీసుకుంటుంది. మిగిలింది ఎట్లా పంచుతారో కూడా అడగాలి, డబ్బుగానా వస్తువులుగానా అని. 1985లో దొరికిన అతోచా అనే స్పానిష్ ఓడ సరుకుని ఒక్కో వస్తువుకి పాయింట్లు వేసి, ఎవరి వాటా పాయింట్లకి తగ్గ వస్తువులు వాళ్ళకి ఇచ్చారు. అలా అయితే మీ ఇంటికొచ్చేది చెక్కు కాదు, నాణెం, దాన్ని అమ్ముకునే కష్టం మీదే, ఏడాది దాటాక అమ్మితే లాభం మీద ఫెడరల్ ట్యాక్సు 28 శాతం దాకా పడొచ్చు.

ఇప్పుడు మీ లెక్క నేను వేస్తా, మధ్యలో అంకెలు నా అంచనా. 5 కోట్ల సరుకు హోల్‌సేల్‌గా 3 కోట్లకి పోయిందనుకుందాం. పడవ ఖర్చులు, అప్పులు 1.2 కోట్లు, లాయర్లకి 30 లక్షలు, మిగిలేది కోటిన్నర. అందులో నిర్వాహకులకి 40 శాతం, 60 లక్షలు. ఇన్వెస్టర్లందరికీ 90 లక్షలు, అందులో మీ 0.2 శాతం 18,000. పెట్టింది 25,000, అదీ ఎన్నేళ్ళకో, అదీ అన్నీ సవ్యంగా జరిగితే.

మరిది ద్వారా మూడు కాగితాలు తెప్పించండి. ఆ ఓడ మీద ఫెడరల్ కోర్టులో వేసిన కేసు నంబరు, ఎస్ఈసీలో, అంటే పెట్టుబడుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థలో, ఇన్వెస్టర్ల దగ్గర డబ్బు తీసుకుంటున్నామని దాఖలు చేసిన ఫామ్ డి (అది ఎస్ఈసీ సైట్లో ఎవరైనా ఫ్రీగా చూడొచ్చు), ఆపరేటింగ్ అగ్రిమెంట్, అంటే ఆ ఎల్ఎల్‌సీ నడిపే ఒప్పందం. ఆ అగ్రిమెంట్లో డబ్బు ముందు ఎవరికి, తర్వాత ఎవరికి అని రాసిన పేజీ ఉంటుంది, అది ఫోటో తీసి నాకు పంపండి, చదివి చెప్తా. అప్పటిదాకా అడ్వాన్సు అని 500 డాలర్లు కూడా ఇవ్వకండి.